చీపురుపుల్ల కొలత

సెలవులకు సింగపూర్ వెళ్లినప్పుడు, ఒక చెప్పుల దుకాణంలో అమ్మ పర్సులోంచి చీపురుపుల్ల తీసింది. మార్కాపురంలో ఉన్న అక్క కూతురి పాదం కొలత అది. కొలత తప్పితే మార్చుకోవడానికి మళ్లీ రాలేం.

పుల్లను చూసి సేల్స్ అమ్మాయి నవ్వింది. మన తల్లుల తెలివి ఈ సరుకుల లోకానికి ఎగతాళా అని నాకు ఒళ్లు మండి, ఏదో అనబోయాను.

"గమ్మునుండ్రా," అంటూ అమ్మ పుల్లను చెప్పులో పెట్టి చూసింది. "సరిపోయింది. ఇంకో వేలెడు పెద్దవి ఇమ్మను. పిల్ల పెరగదా ఏంది?"

గుర్తుందా మిత్రులారా? మా నాయన గిద్దలూరు బజారుకు పోతూ మా పుల్లలు చొక్కా జేబులో పెట్టుకునేవాడు. కొత్త రబ్బరు వాసన, నడుస్తుంటే మడమ వెనక టపటపలాడే చెప్పులు...

ఆ అమ్మాయి వేలెడు పెద్ద జత తెచ్చింది. మన తరమంతా ఆ వేలెడు ఖాళీలోనే కదా పెరిగింది!