చేతులకు దాచిన గుడ్డ

పద్మనాభం నుంచి పట్నానికి పోలినాయుడు రోజూ సైకిలు మీదే వస్తాడు. తను ప్యూనుగా చేసే కంపెనీ ఉత్తరాలు పట్టుకుని పోర్టు చుట్టూ తిరిగేదీ ఆ సైకిలు మీదే. తొక్కీ తొక్కీ తొడలు మద్దెలల్లా బలిశాయి గాని చేతులు మాత్రం కొబ్బరి ఈనెలే. పోర్టులో సరుకు మోసే ఖలాసీ ఉద్యోగం కావాలంటే బస్తా భుజానికెత్తి చూపించాలి. రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ బస్తా రొమ్ము దాకా వచ్చి జారిపోయింది. అప్పట్నుంచి పొద్దున్నే వంద దండీలు తీసి మరీ సైకిలెక్కుతాడు. ఆనందపురం దాటేదాకా హ్యాండిల్ మీద మోచేతులు వణుకుతూనే ఉంటాయి. ఏటా ఖాకీ యూనిఫారం కుట్టేది పూర్ణా మార్కెట్లో అబ్దుల్ వహాబ్. కొలతలప్పుడు పోలినాయుడు ఊపిరి బిగబట్టి, "సేతుల కాడ రెండంగుళాలు లోపలికి ఒదిలీ బావా, ఈ ఏడు కండ వస్తాది" అంటాడు. వహాబ్ వదులుతాడు. ఆ గుడ్డ ఏడాదంతా కుట్టు లోపలే మడతపడి ఉంటుంది.

నిన్న ప్యాంటు తొడ దగ్గర మళ్లీ పిగిలింది. అతుక్కి ఆ రంగు ఖాకీ కొట్టంతా వెతికినా దొరకలేదు. వహాబ్ చివరికి పోలినాయుడి చొక్కా అడిగి తీసుకుని, చేతుల కుట్లు విప్పి, లోపలి గుడ్డ మీద కత్తెర పెట్టాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా! అది సేతులకి దాసిన గుడ్డ!"

"నాలుగేళ్ల నుంచి దాత్తన్నాం నాయుడూ. పెరిగిన కాడే గదా గుడ్డ కావాలి?" అన్నాడు వహాబ్ తలెత్తకుండానే.

పోలినాయుడు మళ్లీ కుట్టిన చొక్కా వేసుకున్నాడు. అతుకుల ప్యాంటు తొడుక్కుని, పళ్లు కొరుకుతూ సైకిలెక్కి, కసిదీరా తొక్కాడు. పద్మనాభం రోజూ కన్నా పావుగంట ముందే వచ్చేసింది.