కృపానందం గారి దగ్గు

కృపానందం గారికి దగ్గు జబ్బు లేదు, దగ్గే అలవాటు ఉంది. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. బెజవాడలో ఆయన సైకాలజీ చెప్పే కాలేజీలో, మేడమీది ఎలుకల గదికి వెళ్లేటప్పుడు మాత్రమే. మెట్ల కింద ఒకటి, మలుపులో రెండు, వరండాలో అడుగుకొకటి. తలుపు ముందు ఆగి, ముక్కుమీదే ఉన్న కళ్లజోడు కోసం జేబులన్నీ వెతుక్కుంటూ ఇంకో నాలుగు.

హిస్టరీ సాంబశివరావు గారు కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నారు. ప్రిన్సిపాల్ హడలిపోయి ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. చెప్పకుండా వెళ్తే ఎలుకలు బెదురుతాయని కృపానందం గారి సంజాయిషీ. స్టాఫ్ రూమ్‌లోకి మాత్రం పిల్లిలా వస్తారు, మేం ఎలుకలపాటి చెయ్యమా అని సాంబశివరావు గారి ఫిర్యాదు.

ఆ గది ఊడ్చే మనిషి ఆదెమ్మ. డెబ్భై ఏడు ఉప్పెనలో దివిసీమలో ఆమె కూతురూ, ఇద్దరు మనవలూ కొట్టుకుపోయారు. ఒక మనవడు దొరకనే లేదు. మూడు నెలలకి బెజవాడ వచ్చి ఈ పనిలో చేరింది. ఏదడిగినా తల ఊపేది, అంతే.

కృపానందం గారి డాక్టరేటు ఆ ఎలుకల చేతుల్లో ఉంది. పాలు మానగానే పిల్లల్ని రెండు జట్లు చేసేవారు. ఒక జట్టుకి పెద్ద బోను, నిచ్చెన, తిరుగుడు చక్రం, ముక్కు కొరికేసిన కొండపల్లి బొమ్మ. రెండో జట్టులో ఒక్కోదానికి ఒక్కో రేకు డబ్బా. తోడు లేదు, ఆట లేదు, మనిషి చెయ్యి తగలకూడదు. మూడు నెలలయ్యాక చిక్కుదారుల పెట్టెలో వదిలితే, ఒంటరివి దారి తెలియక బిక్కచచ్చిపోవాలి. చిన్ననాటి పెంపకాన్ని బట్టే తెలివి అని రుజువు కావాలి. ఆపైన అన్నిటినీ చంపి మెదళ్లు తూచాలి.

ఆదెమ్మకి ఈ శాస్త్రం ఒంటబట్టలేదు. మొదటి వారమే డబ్బాల మూతలు తీసింది. రోజూ మధ్యాహ్నం ఒక్కోదాన్నీ ఒళ్లో వేసుకుని, వీపు నిమిరి, కుచ్చిళ్ల మధ్య పరిగెత్తించేది. కింద దగ్గు వినపడగానే మూత పెట్టి చీపురు పట్టుకునేది. ఏడాదిన్నరలో ఒక్కసారీ దొరకలేదు. గుణదల మేరీమాతే కాపాడుతోందని కొవ్వొత్తి కూడా వెలిగించింది.

రెండు బ్యాచ్‌లు పాడయ్యాయి. ఒంటరి ఎలుకలు చదువుకున్నవాటిలా దారి పట్టేవి. మూడోదీ ఇంతే అయితే ఫైలు మూసేస్తానన్నారు యూనివర్సిటీ గైడు రామకోటేశ్వరరావు గారు. ఆ మాట విన్న ఆదెమ్మ భయపడి రెండు రోజులు మూతలు ముట్టలేదు. మూడో రోజు ఒక పిల్ల మూలకి నక్కి వణకడం చూసి, మనసాగక మళ్లీ తీసింది.

మూడో పరీక్షకి గైడు గారు స్వయంగా గడియారం పట్టుకుని కూర్చున్నారు. ఒంటరి ఎలుక నిమిషంలో పెట్టె దాటింది. చివర పెట్టిన శనగపప్పు వైపు చూడనైనా చూడలేదు. బల్ల మీంచి దూకి, గోడవార నిలబడ్డ ఆదెమ్మ చీర పట్టుకుని పాకి, భుజమెక్కి కూర్చుంది.

"దీనికి ఈవిడెలా తెలుసు?" అన్నారు గైడు గారు.

ఉద్యోగం పోతే ఆదెమ్మకి తిరిగి వెళ్లడానికి ఊరు కూడా లేదు.

"నేనే ఎత్తుకోమన్నానండీ," అన్నారు కృపానందం గారు. "తప్పు నాదే."

గైడు గారు ఫైలు మూసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆరేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

ఆయన మెట్లు దిగాక ఆదెమ్మ ఏడ్చింది. తమరికి ఎప్పటినుంచి తెలుసని అడిగింది.

"నువ్వు చేరిన నెలకే. కిటికీలోంచి చూశాను. కేకలేద్దామనే వచ్చాను. ఎలుకపిల్లతో ఏదో చెప్పి నవ్వుతున్నావు. నువ్వు నవ్వడం అంతకుముందు ఈ కాలేజీలో ఎవరూ చూళ్లేదు. మర్నాటినుంచి దగ్గడం మొదలెట్టాను."

పాడైన ప్రయోగంలో మెదళ్లు తూచే పని లేదు కాబట్టి, ఇద్దరూ కలిసి డబ్బాల్లో ఎలుకలన్నిటినీ పెద్ద బోనులోకి మార్చారు. ఇంకో గైడుని వెతుక్కుని మళ్లీ మొదలెడతానన్నారు కృపానందం గారు.

"మళ్లీ డబ్బాలేనాండీ?"

"డబ్బాలే. శాస్త్రం కదా." ఆయన నోటుబుక్కు తెరిచారు. "నీకు ఏ వేళ వీలో చెప్పు, ఆదెమ్మా. ఆ వేళకి నేనిటు రాకుండా టైంటేబుల్ వేసుకుంటాను. గొంతు నొప్పెడుతోంది."