పశువుల కొట్టంలో ఇంగ్లీషు చదువు

నిన్న మనవరాలు నెలసరిలోనూ మంచం మీద వాలి ఇంగ్లీషు వ్యాకరణం తిరగేస్తుంటే, మా కడప ఇంటి పశువుల కొట్టం వాసన గుర్తొచ్చింది.

బయట చేరిన మూడు రోజులూ ఆడపిల్లల్ని కూర్చోబెట్టేది అక్కడే కదా! పుస్తకం ముట్టకూడదు. ఒకసారి నేనలా కూర్చున్నది, స్కూల్ ఫైనల్ పరీక్షకు ఎవరిని పంపాలో మా బడి అయ్యవారు తేల్చే వారంలోనే. నా తరగతిలోనే చదివే పక్కింటి ఖాతూన్ గోడెక్కి ఇంగ్లీషు మాటలు చదివితే నేను అర్థాలు అప్పజెప్పేదాన్ని.

వీధిలో పోతున్న అయ్యవారు ఆగారు. “పుస్తకం ఆ పాపకే ఇయ్యరాదా?”

“ముట్టగూడదు సార్, బయట చేరింది!” అని ఖాతూన్ వీధంతా వినబడేలా అరిచింది.

ఆయన మొహం తిప్పుకుని, గోడ అవతలి నుంచే నన్ను ప్రశ్నలు అడిగారు. అన్నీ వచ్చు. సిగ్గుతో కొట్టం మూలకు జరిగాను.

“చెప్పుమే, పొద్దున్నించి చెప్తాండావు గదా!” అంది ఖాతూన్.

ఆయన వెళ్లిపోతే చాలనిపించింది. “నాకు రావు సార్” అన్నాను.

ఆ ఏడు పరీక్షకు మా ఇద్దరిలో ఖాతూన్ ఒక్కతే వెళ్లింది.