పత్తిగింజల పొట్టు, మస్తాన్ గారి తూము

ఒంగోలు బస్టాండు దగ్గర మస్తాన్ గారి లాడ్జి ఉంది. ఎప్పుడన్నా అటు వెళితే నా పేరు చెప్పి చూడండి. గది ఇస్తారు, మర్యాద చేస్తారు, కానీ ముందు మీ సామానులో ఏముందో అడుగుతారు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు. పోయిన వేసవిలో అక్కడ ట్రైనింగుకి వెళ్లి నేను చేసిన ఘనకార్యం అలాంటిది. దేవుడి దయా మనుషుల దయా కలిసి గట్టెక్కాను గానీ, లేకపోతే ఈ టీ మీతో కూర్చుని తాగేవాణ్ణి కాదు, అస్సాంలో తాగుతుండేవాణ్ణి.

ఆయిల్, గ్యాస్ కోసం బావులు తవ్వే కంపెనీలో నాది స్టోర్సు ఉద్యోగమని మీకు తెలుసుగా. మా మామగారి దృష్టిలో మాత్రం నేను బోర్లు వేయించేవాణ్ణి. సెలవుకి సత్తెనపల్లి వచ్చినప్పుడల్లా "ఏం అల్లుడూ, ఎన్ని అంగుళాలు పడింది?" అని అడిగేవారు. నిజానికి నేను బావి దగ్గరకి వెళ్లిందే తక్కువ. తవ్వేవాళ్లు అడిగిన సామాను ఇచ్చి సంతకం పెట్టించుకోవడమే నా పని, అదీ అస్సాంలో. మా విజయ సత్తెనపల్లి స్కూల్లో టీచరు, పాప తన దగ్గరే. ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయే చుట్టం లాంటివాణ్ణి నేను. ఒకసారి సెలవైపోయి పెట్టె సర్దుకుంటుంటే పాప వచ్చి "నాన్నా, మీ ఇంటికి వెళ్లిపోతున్నావా?" అంది. ఆ మాటకి రైలు విజయవాడ దాటేదాకా విజయ కట్టిచ్చిన అన్నం పొట్లం విప్పలేదు.

అందుకే ఒంగోల్లో మా కంపెనీ కొత్త బేస్ పెడుతోందని, దానికి స్టోర్స్ మేనేజర్ కావాలని తెలియగానే కాళ్లావేళ్లా పడ్డాను. పోస్టు నాకే అన్నారు, ఒక షరతు మీద. మేనేజర్లంతా డ్రిల్లింగ్ టెక్నాలజీ ట్రైనింగ్ పాసవ్వాలి. సామాను కొనేవాడికీ లెక్క రాసేవాడికీ కూడా బావిలో ఏం జరుగుతుందో తెలియాలట. వారం రోజులు క్లాసులు, ఆఖరి రోజు ఒక్కొక్కరూ ఒక్కో టాపిక్ అందరి ముందూ చేసి చూపించాలి. పాసైతే ఒంగోలు. ఫెయిలైతే మళ్లీ అస్సాం.

క్లాసులు మస్తాన్ గారి లాడ్జిలో, మేడ మీద హాల్లో. కింద ఆయన కొత్తగా కట్టించిన ఫంక్షన్ హాలు. మాకు చెప్పేది రామనాథం గారు, రిగ్గుల మీదే జుట్టు నెరిసిన మనిషి. ఆయన చెప్తే మూర్తికి కూడా అర్థమైపోయేది. మూర్తి అంటే మా ఫైనాన్స్ మేనేజరు, హైదరాబాదు నుంచి వచ్చాడు, లాడ్జిలో నా రూమ్మేటు.

"బావి తవ్వేటప్పుడు పైపులోంచి మడ్ పంపిస్తాం" అన్నారు రామనాథం గారు ఒకరోజు. "మడ్ అంటే బురదే, కాకపోతే కొలిచి కలిపిన బురద. అది కిందికి పోయి, తెగిన రాతి ముక్కల్ని మోసుకుని పైకి తిరిగి రావాలి. ఒక్కోసారి రాదు. వేసవిలో మన నల్లరేగడి ఎలా నెర్రెలిస్తుందో చూశారుగా, అలా కింద రాయి నెర్రెలిచ్చి ఉంటుంది. ఎంత పోసినా తాగేస్తుంది. దాన్నే లాస్ట్ సర్క్యులేషన్ అంటారు. ఆ నెర్రె మూసుకోవాలంటే మడ్‌లో ఏం కలపాలి?"

జవాబు కూడా ఆయనే చెప్పారు. "రంపప్పొట్టు, అభ్రకం రేకులు, పత్తిగింజల పొట్టు."

నేను కుర్చీలో నిటారుగా అయిపోయాను. పత్తిగింజల పొట్టు మా అత్తగారి గేదె రోజూ తినేదే. అస్సాంలో అదే పొట్టు సీలేసిన బస్తాల్లో, బస్తా మీద ఏదో కోడ్ నంబరుతో వచ్చేది. ఫారిన్ కెమికలేమో అనుకుని నేను దాన్ని విడిగా గదిలో పెట్టించి తాళం కూడా వేయించాను. సరే, ఇక టాపిక్ కోసం వెతుక్కోవడం దేనికి? గుంటూరు జిల్లా అల్లుడిగా ఇది నా హక్కు అనిపించింది.

ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"పొట్టా?" అంది విజయ. "మీరు వెళ్లింది ట్రైనింగుకా, గేదెల బేరానికా?"

"నువ్వు ముందు బస్సుకి వేయించు, తర్వాత చెప్తాను."

"వేయిస్తాలెండి. మీ మేనేజర్లు తవుడు కూడా కలుపుకుంటారా?"

మర్నాటికి బస్తా వచ్చింది. ఇరవై లీటర్ల వాటర్ క్యాను ఒకటి సంపాదించి, అడుగు కోసి, తలకిందులుగా స్టాండులో నిలబెట్టాను. మూతిలోంచి జారిపోకుండా ముందు నాలుగు పెద్ద రాళ్లు వేసి, లాడ్జి పెరట్లో మిగిలిపోయిన సన్నకంకర అందులో నింపాను. అదే నా భూమి. కింద బకెట్టు. మడ్ పొడి రామనాథం గారి దగ్గర తీసుకుని నీళ్లలో కలిపి పోస్తే, కంకర సందుల్లోంచి దిగి బకెట్లో పడింది. పొట్టు కలిపి పోశాను. రెండు నిమిషాల్లో చుక్క పడటం ఆగిపోయింది. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో.

నిద్రపోయి ఊరుకుంటే బాగుండేది. పొద్దున్నే మూర్తి చూసి "అదిరింది సార్. కానీ ఇల్లు కడుతున్నట్టుంది చూడ్డానికి" అన్నాడు. అంతే, నా బుర్రని పురుగు తొలిచింది. మేనేజర్ల ముందు కంకరేమిటి? బస్సెక్కి మార్టూరు వెళ్లి, గ్రానైట్ పాలిష్ చేసేచోట అడిగి తునకలు తెచ్చాను. నల్లవి, గులాబీ రంగువి, ఒక్కోటి కోడిగుడ్డంత. కడిగి క్యానులో పేరిస్తే నగల షాపు అద్దంలా ఉంది. మళ్లీ ఒకసారి పోసి చూసుకోవాలని నాకు తట్టలేదు. అంత అందంగా ఉన్నదాన్ని బురద చేయబుద్ధి కాలేదు.

ఆఖరి రోజు వచ్చింది. నా వంతు భోజనాలకి ముందు. రామనాథం గారు ముందు వరసలో కూర్చున్నారు. మడ్ పోశాను, గలగలా దిగిపోయింది. "ఇదీ లాస్" అన్నాను గంభీరంగా. పొట్టు కలిపి పోశాను. అదీ గలగలా దిగిపోయింది. నవ్వి, ఇంకో రెండు దోసిళ్ల పొట్టు కలిపి పోశాను. దానిదీ అదే దారి. మూడోసారి ఏకంగా సగం బస్తా గుమ్మరించాను. అదంతా కిందికి దిగి రెండో బకెట్టు కూడా నింపింది. రాళ్లు మాత్రం తళతళలాడుతున్నాయి.

"ఇంకా లాసే ఉందయ్యా" అన్నారు రామనాథం గారు. వెనక ఎవరో దగ్గినట్టు నవ్వారు. "ఎందుకు ఆగలేదో ఆలోచించుకుని భోజనాలయ్యాక చెప్పు. లేదంటే నేనేం చేయలేను."

అందరూ భోజనానికి వెళ్లిపోయారు. నాకు కళ్ల ముందు రైలు టిక్కెట్టు కనిపిస్తోంది. రెండు బకెట్ల నిండా పొట్టూ బురదా. దాన్ని చూస్తేనే ఒళ్లు మండింది. హాలు చివర చేతులు కడుక్కునే గదిలోకి మోసుకెళ్లి తూములో పోయబోయాను. తూము మూతికి జాలీ ఉంది, పొట్టు దాని మీదే ఆగిపోయింది. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగుతాడు. నేను జాలీ పీకి పక్కన పెట్టి, రెండు బకెట్లూ వంచేశాను. తూము గటగటా తాగింది. కొంచెం మొరాయిస్తే చీపురుకర్రతో పొడిచాను. ఒక మగ్గుడు నీళ్లు పోసి, చేతులు దులుపుకుని భోజనానికి వెళ్లాను.

పెరుగన్నంలో ఉండగా మస్తాన్ గారు పరుగు లాంటి నడకతో వచ్చారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజూ పెంచలేదు.

"సార్, మేడ మీద తూములో ఎవరన్నా ఏమన్నా పోశారా?"

పెరుగన్నం అక్కడే వదిలేసి కిందికి దిగాను. ఆ రోజు కింద హాల్లో ఒక అమ్మాయికి ఓణీల ఫంక్షన్. మేడ మీది తూము నీళ్లూ, వంటింటి నీళ్లూ, భోజనాలయ్యాక చేతులు కడిగే నీళ్లూ అన్నీ ఒకే పైపులో పోతాయని అప్పుడు తెలిసింది నాకు. మొదటి బంతి లేచి చేతులు కడుగుతున్నారు. ఆ నీళ్లు పోవడం లేదు సరిగదా, తొట్టి నిండి, పొట్టు తేలుతూ, భోజనాల హాల్లోకి వస్తున్నాయి. అమ్మాయి మేనమామ అట, పట్టుపంచె మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందయ్యా మస్తానూ ఇది, కుడితి పైకొస్తంది?"

పక్కనే ఒక ముసలమ్మ వంగి, రెండు వేళ్లతో తీసి చూసింది. "పత్తిగింజల పొట్టురా ఇది. పైన గొడ్లేమన్నా ఉన్నయ్యా?"

"పైన మేనేజర్లున్నారమ్మా" అన్నారు మస్తాన్ గారు.

ఇంతలో వెనక నుంచి రామనాథం గారు వచ్చారు. అయిపోయింది అనుకున్నాను. డెమో పోయింది, ఇప్పుడు కంపెనీ పరువు కూడా చేతులు కడిగే తొట్టిలో తేలుతోంది. "నేనే పోశాను సార్" అన్నాను. చెప్పకపోయినా ఒంగోలు మొత్తానికి తెలుస్తూనే ఉంది, నా చొక్కా నిండా పొట్టే.

ఆయన తిట్టలేదు. పంచెలు, చీరల మధ్యలోంచి మేడ మెట్ల వైపు తిరిగి "మేనేజర్లందరూ ప్యాంట్లు మడుచుకుని రండి. మధ్యాహ్నం క్లాసు ఇక్కడే" అన్నారు.

నిజంగా వచ్చారండీ. రాకపోయినా అడిగేవాళ్లు లేరు. పరీక్ష అయిపోయినవాళ్లు కూడా బూట్లు విప్పి వచ్చారు. మస్తాన్ గారు పెరట్లో బండ ఎత్తించారు. పైపు అక్కడికి వచ్చి వంపు తిరిగి వీధి కాలవలోకి పోతుంది. ఆ వంపులో ఉంది నా పొట్టు. మూర్తి పంపు గొట్టం తెచ్చి పైనుంచి నీళ్లు కొట్టబోతే రామనాథం గారు చెయ్యి పట్టుకున్నారు.

"పైనుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది. అటు వైపు నుంచి వెనక్కి నెట్టాలి. పొడుగాటి గొట్టం ఏదైనా ఉందా?"

మేనమామ వింటున్నాడు. ఏమీ అనకుండా బయటికి వెళ్లి జీపులోంచి గొట్టం చుట్ట ఒకటి తీసుకొచ్చాడు. మిరప తోటకి మందు కొట్టే గొట్టం, పొద్దున్నే కొన్నాడట, చుట్టిన కాగితం కూడా విప్పలేదు. దాన్ని వీధి కాలవ వైపు నుంచి దూర్చి, మేం నలుగురం నెడుతుంటే, బోర్లా పడుకున్న మూర్తి ఇటు నుంచి చేత్తో పొట్టు లాగుతున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బురద పడిందన్నాను.

అలా నెడుతుండగానే రామనాథం గారు నా పక్కకి వచ్చి, నీళ్లలో నిలబడి, "ఇప్పుడు చెప్పు. అక్కడ ఎందుకు ఆగలేదు, ఇక్కడ ఎందుకు ఆగింది?" అన్నారు.

"అక్కడ రాళ్లు పెద్దవి సార్, సందులు పెద్దవి. పొట్టు సన్నం కాబట్టి జారిపోయింది. కంకరకైతే ఆగింది. సందు ఎంతో తెలుసుకుని దానికి తగ్గది కలపాలి."

"ఇక్కడో?"

"ఇక్కడ వంపు సార్, లోపల గార కూడా పట్టి సందు ఇరుకైంది. పైగా మడ్ కదలకుండా ఉంటే జున్నులా గడ్డకడుతుంది. దాన్ని అలా వదిలేసి నేను పెరుగన్నం తింటున్నాను."

ఆయన ఇంకేదో అనబోతుండగా లోపల గుడగుడమని చప్పుడైంది. మూర్తి చేతిలోకి పైపు లావున ముద్ద ఒకటి ఊడి వచ్చింది. తొట్టిలో నీళ్లు సుడి తిరిగి దిగిపోయాయి. ముసలమ్మ "పోయిందిరా" అంది. మస్తాన్ గారు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు.

క్షమించమని మేనమామ దగ్గరకి వెళితే ఆయన నన్ను తలనుంచి కాళ్ల దాకా చూశాడు. "ఏ ఊరయ్యా?" అన్నాడు. సత్తెనపల్లి అల్లుణ్ణని చెప్పాను. "అల్లుడివైతే ఇంక చేసేదేముంది. సగంలో లేచి వచ్చావంట, కూర్చో" అని, మమ్మల్నందరినీ రెండో బంతిలో కూర్చోబెట్టి తనే వడ్డించాడు. తడిసిన ప్యాంట్లతో, పొట్టు అంటిన చేతులతో, ఆ గోంగూర తింటుంటే నాకు ఒకటే అనిపించింది. వీళ్లలో ఒక్కరు గట్టిగా అరిచినా నా పని అయిపోయేది. ఎవరూ అరవలేదు. వాళ్ల రుణం నేను తీర్చుకోలేను.

సాయంత్రం రామనాథం గారు పేర్లు చదివారు. నా దగ్గర ఆగి, "థియరీ పాస్" అన్నారు. "ప్రాక్టికల్ కూడా పాసే. ఇంకెప్పుడూ చేయకు."

జూన్‌లో ఒంగోల్లో చేరాను. విజయకి కూడా బదిలీ దొరికింది. అద్దె ఇల్లు చూసుకునేదాకా పాపతో సహా వారం రోజులు మస్తాన్ గారి లాడ్జిలోనే ఉన్నాం. నేను పాసయ్యానని విజయకి చెప్పాను గానీ తూము సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు, మీరూ చెప్పకండి. మస్తాన్ గారు మాకు మంచి గదే ఇచ్చారు. గాలి, వెలుతురు, టీవీ అన్నీ ఉన్నాయి. కాకపోతే ఆయన కౌంటరు ఎదురుగ్గా ఉన్న గది. పాప బట్టలు ఉతకడానికి నేను బకెట్టు పట్టుకుని బయటికొచ్చినప్పుడల్లా ఆయన గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడేవారు. మేనేజరంటే ఈ ఊళ్లో ఎంత గౌరవమో అని మా ఆవిడ మురిసిపోయింది.