తీగకు గుచ్చిన కార్డులు

ఆ రోజుల్లో తెలివి అనేది హైదరాబాదులో నెల రోజుల శిక్షణతో వచ్చేస్తుందనీ, ఒకసారి వచ్చాక ఇక ఎటూ పోదనీ నాకు గట్టి నమ్మకం. అరవైల చివర, బోధన్ వైపు చెరుకు పొలాల మధ్య ఒక చక్కెర ఫ్యాక్టరీలో (పేరు చెప్పను, తప్పు దానిది కాదు, నాది) కార్డుల మిషన్ గదిలో ఉద్యోగం చేసేవాణ్ణి. చెరుకు వేసిన ప్రతి రైతుకూ ఒక అట్టకార్డు ఉండేది. అతని ఊరు, పొలం, చెరుకు రకం అన్నీ ఆ కార్డు మీద చిల్లుల రూపంలో ఉండేవి. వారానికోసారి ఊళ్ళ నుంచి కార్డులు తెప్పించి మిషన్‌లో వేస్తే, చెరుకు ఇంకా ఉన్నవాళ్ళవి ఒక పెట్టెలో, అయిపోయినవాళ్ళవి ఇంకో పెట్టెలో పడేవి. మొదటి పెట్టెను బట్టి ఏ రోజు ఎవరు చెరుకు కొట్టాలో లిస్టు వేసేవాళ్ళం. మిషన్ ఏ చిల్లును చూడాలో చెప్పేది దాని పక్కనున్న తీగల పలక. ఆ తీగలు అమర్చినవాడు మా గది పెద్ద. ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం.

చాచాకు ఒకటే సూత్రం. "సీజన్ నడుస్తుండంగ మిషన్ జోలికి పోవద్దు బేటా. ఫ్యాక్టరీ బందైనంక ఏం జేస్కుంటవో జేస్కో." నాకేమో చేతులు ఊరుకోవు. ఆయన పెట్టిన పద్ధతిలో ప్రతి కార్డునూ రెండుసార్లు తిప్పాలి. అదే, కార్డు నడుమ ఊరికే పడి ఉన్న ఖాళీ జాగాను వాడుకుంటే ఒక్కసారితో తేలిపోతుంది. ఇంత చిన్న సంగతి ఈ ముసలాయనకు ఎలా తట్టలేదా అని జాలిపడ్డాను కూడా. ఇంతలో ఆయన మేనల్లుడి పెళ్ళికని నిజామాబాద్ వెళ్ళాడు. ఇక నన్ను ఆపేదెవరు? పాత తీగలన్నీ పీకేశాను (ఏది ఎక్కడుండేదో రాసిపెట్టుకోలేదు, తెలివైనవాడికి రాతతో పనేమిటి). చెరుకు అయిపోయినవాళ్ళ కార్డులకు నడుమ చిల్లు కొట్టాలని పెట్టుకొని, అక్కడే చూడమని మిషన్‌కు కొత్త తీగలు పెట్టాను. బీరువాలోంచి పది కొత్త కార్డులు తీసి, సగానికి చిల్లు కొట్టి, వేసి చూస్తే పని అద్భుతంగా జరిగింది.

మర్నాడు పొద్దున ఊళ్ళ కార్డులు వచ్చాయి. తూకం లెక్కలు చూసి, చెరుకు అయిపోయినవాళ్ళవాటికి చిల్లు కొట్టి, అన్నీ మిషన్‌లో వేశాను. దాదాపు అన్నీ 'అయిపోయింది' పెట్టెలోకే పోయాయి. సీజన్ ఇంకా సగం కాలేదు, మా మిషన్ లెక్కన మాత్రం చుట్టుపక్కల ఎక్కడా చెరుకు గడే లేదు! మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. కొత్త తీగల్లో తప్పు కనిపించదు, పాత తీగలు పెడదామంటే వాటి దారి చాచాకు తప్ప ఎవరికీ తెలియదు. పన్నెండింటికి చెరుకు ఆఫీసరు వచ్చాడు. మాటకోసారి చేతి గడియారం చూసుకుంటాడని ఆయనకు గడియారం సాబ్ అని పేరు.

"లిస్టేదయ్యా?"

"అయితుంది సార్."

"నాలుగు కొడితే లిస్టు తీస్కొని సైకిళ్ళు ఊర్లకు పోవాలె. పోకుంటె రేపు పొద్దుగాల చెరుకు రాదు, ఫ్యాక్టరీ ఆగుతది. ఆగితే ఏమైతదో ఎరుకేనా?"

ఎరుకే. బాయిలర్లు చల్లారతాయి, తీసిన రసం పులిసిపోతుంది, వాటన్నిటికంటే ముందు నా ఉద్యోగం పోతుంది. ఆయనకు నిజం చెప్పే ధైర్యం లేక, కార్డులు మళ్ళీ పేర్చసాగాను.

అప్పుడే కిటికీ దగ్గర రెంజల్ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ పిలిచింది. "బిడ్డా, జర నా కార్డు తీస్కో. ఊరి మనిషి వచ్చిననాడు నేను ఇంట్ల లేను." ఆమె చేతిలో కార్డు లేదు, కొస వంచిన ఇనుప తీగ ఉంది. దానికి శిస్తు రసీదులు, ఎరువుల చిట్టీలు, ఎవరిదో పెళ్ళి పత్రిక, అన్నీ దండలా గుచ్చి ఉన్నాయి. "గిండ్ల ఏదో నాకేం ఎరుక? నువ్వే సూడు," అంటూ ఒక్కొక్కటే ఊడదీసి ఇచ్చింది. మా కార్డు వచ్చింది. సరిగ్గా నడుమ చిల్లు.

"అవ్వా, దీన్ని తీగకు గుచ్చినవా?"

"గుచ్చకుంటె ఎలుకలు కొరకవా? మా దిక్కు అందరం గట్లనే గుచ్చుతం."

ఆ ఖాళీ జాగా ఎందుకుందో అప్పుడర్థమైంది: రైతులు గుచ్చుకుంటారని తెలిసే చాచా దాన్ని వదిలేశాడు. మిషన్‌కు చిల్లంటే చిల్లే, అది ఎవరు కొట్టినా ఒకటే. కళ్ళతో చూస్తే మాత్రం మా చిల్లు పలకగా, నాలుగు మూలలతో ఉంటుంది. తీగ చిల్లు గుండ్రంగా, అంచులు చిరిగి ఉంటుంది. "ఎల్లుండి నీ వంతు అవ్వా, చెరుకు కొట్టిచ్చుకో," అని ఆమెను సంతోషంగా పంపేసి, నమూనాకని ఆ కార్డును జేబులో పెట్టుకొని, గడియారం సాబ్‌కు జరిగింది చెప్పాను. తిడతాడనుకుంటే కోటు విప్పి నేల మీద కూర్చున్నాడు. ఇద్దరం కార్డులను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి వేరు చేశాం. ఆ నాలుగు గంటలూ ఆయన ఒక్కసారి కూడా గడియారం చూడలేదు (నేనే చూశాను, నిమిషానికోసారి). ఆఖరి సైకిలు నాలుగూ పదికి గేటు దాటింది. ఫ్యాక్టరీ ఆగలేదు.

చాచా తిరిగొచ్చి అంతా విన్నాడు. "మీరు నాకు చెప్పలేదు గద చాచా," అన్నాను. "నువ్వు అడిగితివా?" అన్నాడు. వెంటనే తీగలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ లిస్టు పంపిన మూడు రోజులకు గేటు దగ్గర గొడవ అవుతుంటే వెళ్ళాను. ఆ అవ్వే. ముందురోజు పొద్దున వచ్చిందట, లిస్టులో పేరు లేదని లోపలికి పోనీయలేదట. రాత్రి బండి కిందే పడుకుందట. కొట్టిన చెరుకు ఎండకు వాడిపోతోంది. నా చెయ్యి జేబు మీదకు పోయింది. ఆ రోజు వేసుకున్న చొక్కా అది కాదు. నేనుండే గదికి పరుగెత్తాను. కొయ్యకు తగిలించిన మాసిన చొక్కాలో కార్డు భద్రంగా ఉంది. అందరి కార్డులూ చూశాను, నన్ను గట్టెక్కించిన కార్డును తప్ప. సిగ్గుతో చచ్చిపోయాను. ఎడ్ల పగ్గం నేనే పట్టుకొని, వరసలోని బండ్లవాళ్ళందరి చేతా తిట్లు తింటూ, ఆమె బండిని లోపలికి తోలుకెళ్ళాను.

అవ్వ తిట్టలేదు. కాంటా దగ్గర నన్ను ఎగాదిగా చూసి, "మిషన్‌కైతె కండ్లు లేవు, నీకు రెండున్నయి గద బిడ్డా?" అంది.

ఇప్పుడు అద్దాలతో కలిపి నాకు నాలుగు. అయినా చొక్కా విప్పిన ప్రతిసారీ జేబు రెండుసార్లు చూసుకుంటాను.