నాన్న బిగించిన గిటారు చాబీలు

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంటు కింద అందరం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. రెండో అంతస్తులో అద్దెకుంటున్నవాళ్ళ అమ్మాయి గిటారు వాయిస్తూంటే పుటుక్కున తీగ తెగింది. ఆ పిల్ల పకపకా నవ్వేసి మిగిలిన తీగలతోనే పాట పూర్తిచేసింది, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఈ వయసులో కూడా చెవులు వేడెక్కి, తల వంచుకోవాలనిపించింది.

ఎనభైల మొదట్లో సంగతి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన కుటుంబాల్లో మాదొకటి. నాన్న రైలింజను డ్రైవరు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ, అన్నీ కలగలిసి చివరికి మాదంటూ ఒక భాష. బదిలీ మీద వెళ్ళిపోతూ పక్క క్వార్టరు బెంగాలీవాళ్ళు తమ చవక రకం ఎలక్ట్రిక్ గిటారు మాకిచ్చి పోయారు. ఆడపిల్లకి ఇదేం సరదా అని అమ్మ సణుగుతూనే ఉంది, నాన్న వినకుండా కాలనీలో ఆర్కెస్ట్రా నడిపే మాస్టారి దగ్గర నన్ను చేర్పించాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఖస్ అనే వట్టివేళ్ళ తడకల మీద నీళ్ళు చల్లుకుని, ఆ చెమ్మ వాసనలో నేను సాధన చేస్తూంటే, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నాన్న నిద్రపోతున్నట్టు నటిస్తూ పాదంతో తాళం వేసేవాడు.

ఆ గిటారు తల దగ్గర తీగలు బిగించే మరలను మా కాలనీలో చాబీలనేవాళ్ళు. వాటి పళ్ళు అరిగిపోయి, శ్రుతి చేసిన తీగ పాట సగంలోనే జారిపోయేది. కాలనీ వినాయకుడి పందిట్లో నేను వాయించాలని ఖాయమయ్యాక నాన్న ఎక్కడినుంచో కొత్త చాబీల సెట్టు తెచ్చి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కన్నాలు పెద్దవి చేసి బిగించాడు. మాస్టారు చూసి, ఇవి తలకు రెండు వైపులా మూడేసి చాబీలుండే గిటారు కోసం చేసినవి, నీ గిటారుకు ఆరూ ఒకే వైపు కనుక మూడు సవ్యంగానూ మూడు అపసవ్యంగానూ తిరుగుతాయి, గుర్తుపెట్టుకో అన్నారు. పెట్టుకున్నాననే అనుకున్నాను. నాన్న మాత్రం కనిపించినవాళ్ళందరికీ తన పనితనం గురించి చెప్పుకున్నాడు.

నేను వాయించే సాయంత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తోటి డ్రైవర్లను వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పాట మధ్యలో ఒక తీగ సడలింది. కంగారులో నా చెయ్యి పాత అలవాటు ప్రకారం తిప్పింది, అది ఇంకా వదులైంది. మరింత బెదిరి, దాన్నే అనుకుని పక్కదాన్ని ఎదురు తిప్పితే ఆ తీగ తెగి, ఆ చప్పుడు స్పీకర్లలోంచి పిడుగులా పడింది. జనంలోంచి ఎవరో, "కా నోనీ, రేడియో లగావత్ హస్?" అని అరిచారు. రేడియో స్టేషను వెతుకుతున్నావా పిల్లా అని. పందిరంతా గొల్లున నవ్వింది.

అప్పుడు నాన్న లేచి స్టేజి ఎక్కి మైకు పుచ్చుకున్నాడు.

"గల్తీ నాది బాబూ, పిల్లది కాదు. ఆ చాబీలు నేనే తిరగేసి బిగించేశాను."

నవ్వు రెట్టింపైంది. తీగ తెగినందుకు కాదు, నాన్న నలుగురిలో అలా నిలబడి నవ్వులపాలైనందుకు నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంటికి వచ్చాం. వరండా దీపం కింద ఆపి నాన్న అడిగాడు.

"సెయ్యి ఇలా సూపించమ్మా. తీగ గీసుకుపోయిందేటి?"

వేలి మీద చిన్న గీత ఉంది. దానికి ఆయన పసుపు అద్దుతూంటే అప్పుడు ఏడ్చాను.

తరువాత కలకత్తా వెళ్ళే గార్డుగారి చేత ఆరూ ఒకే వైపుండే చాబీలు తెప్పించాం. పాత కన్నాలను చెక్కముక్కలతో పూడ్చి, నేను గిటారు తల పట్టుకుంటే నాన్న స్క్రూలు బిగించాడు. ఒక్కొక్కటి బిగించాక, "ఎటు తిరుగుతోంది?" అని నన్నడిగి గాని రెండోదాని జోలికి వెళ్ళలేదు. మరుసటి ఏడు మాస్టారు బలవంతం మీద అదే పందిట్లో వాయించాను, తీగ జారలేదు, పాట నిలిచింది. కళ్ళెత్తి ముందు వరస వెతికితే నాన్న లేడు. వెనకెక్కడో, పందిరి గుంజ చాటున, వెలుతురు పడని చోట నిలబడి ఉన్నాడు. ఏడాదిగా ఆ సిగ్గు నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆయన కూడా దాన్ని మోస్తూనే ఇంజను నడిపాడని, భోంచేశాడని, నాతో నవ్వుతూ మాట్లాడాడని అప్పుడు తెలిసింది. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

ఇప్పటి పిల్లలకు నలుగురిలో తప్పు పోవడమంటే బెదురు లేదు, అది మంచిదే, మా తరం అనవసరంగా చాలా కుమిలిపోయింది. అయితే ఆనాటి కాలనీలో నేను ఎవరి కూతురినో ప్రతి ఒక్కరికీ తెలుసు, అందుకే నా పొరపాటు నాన్న మీద కూడా పడింది, ఆయన కూడా పడనిచ్చాడు. ఈ అపార్ట్‌మెంటులో చప్పట్లు కొట్టిన మాలో ఒక్కరికీ ఆ అమ్మాయి తండ్రి ఎవరో తెలియదు.