టీచరమ్మ తలకు బంగారు రంగు

రోజూ పొద్దున్నే ముఖం కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక సవరాలామె చేసే మొదటి పని తలల దుమ్ము తుడవడం. అరమీద అయిదు బొమ్మ తలలు ఉండేవి. బట్టల కొట్లవాళ్ళు మూల పడేస్తే అడిగి తెచ్చుకున్నవి. తడిగుడ్డతో నుదుటి నుంచి మెడ దాకా, నిద్ర లేచిన పసిపిల్లకు ముఖం తుడిచినంత మెత్తగా తుడిచేది. ఏ తల మీద ఎవరి విగ్గు తయారవుతోందో వాళ్ళ కోసం ఒక్కొక్క మాట దేవుడికి చెప్పుకునేది. ఒకామెకు ఆకలి పుట్టించమని, ఇంకొకామెకు నిద్ర పట్టించమని. పెద్ద పెద్ద కోరికలు ఆమె ఎన్నడూ కోరలేదు.

సరిగ్గా అప్పుడే చెల్లెలు టీ గ్లాసు తెచ్చి, చల్లారకుండా పైన పళ్ళెం మూసి కిటికీ గట్టు మీద పెట్టేది.

"అయ్యాయా అక్కా నీ పిల్లల స్నానాలు? జడలు కూడా వేసి బడికి పంపెయ్, ఇల్లు ఖాళీ అవుతుంది."

"ముందు నువ్వు తల దువ్వుకో. వాళ్ళే నీకంటే శుభ్రంగా ఉన్నారు."

ఈ వేళాకోళం పదహారేళ్ళుగా సాగుతోంది. భర్త పోయిన నెలలోనే చెల్లెలు వచ్చి, అక్క పెట్టె తనే సర్ది, చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకొచ్చింది. వంటింటి వెనక బట్టలారేసుకునే వసారాకు మరిది అద్దాలు బిగించి గది చేసిచ్చాడు. కుట్టుపనికి వెలుతురు కావాలని మసక అద్దాలు వద్దని, తెల్లవే ఏరి తెచ్చాడు. అలాంటివి మరిచిపోయే మనిషి కాదు సవరాలామె.

వయసులో ఉన్నప్పుడు సవరాలు కట్టేది. పేరు అప్పుడు వచ్చిందే. సవరాలు అడిగేవాళ్ళు తగ్గిపోయాక, మందుల వేడికి జుట్టు రాలిపోయిన ఆడవాళ్ళకు విగ్గులు అల్లడం మొదలుపెట్టింది. సన్నటి వల మీద కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుక లాగి ముడి వెయ్యాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంచిన మెడ ఎత్తకపోతే అరచేతి మేర నిండుతుంది.

కొలతలు కాగితం మీద రాసుకునే అలవాటు ఆమెకు లేదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేళ్ళతో తడిమేది. బొమ్మ తల మీద చాలని చోట కాగితం మడతలు, వాటి మీద పాత చీర పేలికలు, వాటి మీద జిగురుపట్టీ చుట్టేది. ఒక పేలిక చుట్టడం, ఒకసారి మనిషి తల తడమడం. అలా ఆ మనిషి తల ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో అచ్చంగా దిగేదాకా చుట్టి, జుట్టు మొదలయ్యే గీతను పెన్సిలుతో గీసేది. చూసేవాళ్ళకు దెబ్బ తగిలిన తలకు కట్టు కట్టినట్టుండేది. ఆమెకు మాత్రం అది మనిషే.

ఆ చలికాలం ఆమె చేతిలో ఉన్నది ఒక టీచరమ్మ పనే. నాలుగో తరగతి పిల్లలకు చెప్పే మనిషి. ఎడమ చెవి వెనక ఆపరేషన్ చేసిన చోట బొటనవేలు పట్టేంత గుంట. కొలత ఇచ్చిన రోజు కళ్ళు మూసుకుని కూర్చుంది. అయ్యాక రుమాలు కట్టుకుంటూ, "మా ఆయనకు కూడా చూపించలేదమ్మా ఈ తల," అంది. సెలవులయ్యి బడి తెరిచేనాటికి జుట్టుతో పిల్లల ముందుకు వెళ్ళాలన్నది ఆమె కోరిక. సవరాలామె మాట ఇచ్చింది. సగానికి పైగా అల్లింది కూడా. అయితే టీచరమ్మ జుట్టు ఒట్టి నలుపు కాదు, ఎండ పడితే గోధుమ రంగు తిరుగుతుంది. ఆ రంగు వెంట్రుకలు ఏరి తెచ్చుకోవడానికి పొరుగూరి వ్యాపారి దగ్గరికి రెండు రోజులు వెళ్ళాల్సి వచ్చింది.

చెల్లెలికి ఏడాది చివరి సెలవులు వస్తే కాలు నిలవదు. ఇల్లంతా దీపాలు, కాగితం పూలు. ఆ ఏడు ఆ మేడలో ఉన్న ఇళ్ళన్నిటికీ అలంకారాల పోటీ పెట్టారు. బొమ్మ తలలతో ఇల్లు ఎలా అలంకరించుకోవచ్చో ఎవరో చూపిస్తున్న వీడియో ఒకటి చెల్లెలి ఫోనులో తిరిగింది. ఇంట్లో అయిదు తలలు ఊరికే కూర్చుని ఉన్నాయి కదా అనుకుంది.

సవరాలామె తిరిగి వచ్చేసరికి మెట్ల మీదే కింది ఇంటావిడ ఎదురైంది. "ఏమండీ, మీ తలలకు మొదటి బహుమతి వచ్చింది. మీ చెల్లెలి చేతిలో ఎంత కళ ఉందో," అంది.

హాలు కిటికీలో అయిదు తలలూ వరసగా ఉన్నాయి. ఒకదానికి నల్లకళ్ళద్దాలు, ఒకదానికి ఉన్ని టోపీ. రెంటికి నడినెత్తి కోసి, మట్టి నింపి, మొక్కలు నాటారు. నడుమ ఉన్నదానికి ఒళ్ళంతా బంగారు రంగు. నెత్తి చుట్టూ చిన్న దీపాలు ఆరుతూ వెలుగుతున్నాయి. ముఖం, చెవులు, మెడ నున్నగా మెరుస్తున్నాయి. ఎడమ చెవి వెనక గుంట లేదు.

సవరాలామె దగ్గరికి వెళ్ళి ఆ చోటును బొటనవేలితో తడిమింది. వేలికి బంగారు రంగు అంటింది.

"దీని మీద గుడ్డలుండాలే," అంది నెమ్మదిగా.

"అవా? మురికిపట్టి ఉన్నాయక్కా. రంగు పట్టదని వేడినీళ్ళతో నానబెట్టి ఒలిచేశాను. సగం రోజు పట్టింది తెలుసా. నువ్వు అల్లిన జుట్టుకు మాత్రం చెయ్యి తగలనివ్వలేదు. కొత్త సంచిలో మడిచి బీరువాలో పెట్టా."

"గుడ్డలేవి?"

"చెత్తబండి నిన్నే వెళ్ళిపోయిందిగా."

నిజమే, జుట్టు భద్రంగా ఉంది. మడత మీద మడత పెట్టి, పురుగు పట్టకుండా కర్పూరపు బిళ్ళ కూడా వేసింది పిచ్చిది. జుట్టుకు విలువ ఉంటుందని తెలుసు ఆమెకు. పేలికలకు ఉంటుందని ఎవరు చెప్పారు? పదహారేళ్ళలో సవరాలామె కూడా చెప్పలేదు. చూస్తూనే ఉన్నారు కదా, తెలిసే ఉంటుందనుకుంది. ఒకే గోడకు అటూ ఇటూ బతికారు ఇద్దరూ.

"అది టీచరమ్మ తల," అంది. "ఆమెను మళ్ళీ కూర్చోబెట్టాలి. తొమ్మిది రోజుల్లో బడి."

మరిది లేచి వచ్చాడు. "పోనీలే వదినా, తలే కదా. రేపు కొత్తది నేను తెచ్చిస్తా."

"తల కాదు బాబూ నాకు కావలసింది."

చెల్లెలి ముఖంలో నవ్వు అప్పటికే పోయింది. తప్పు చేశానని తెలిసినా ఒప్పుకోలేని మనిషికి కోపం ఒకటే దారి. "అడక్కుండా తీశాను, తప్పే. అయినా పదహారేళ్ళలో ఈ ఇంట్లో నాకు ఒక్క మంచి మాట వచ్చింది, అది కూడా నీకు కిట్టలేదు. బట్టలారేసుకోవడానికి చోటు లేక వానాకాలమంతా వంటింట్లో ఆరేసుకుంటున్నా. ఎప్పుడైనా అన్నానా? నీ తలలకున్న చోటు నా పిల్లలకు కూడా లేకపోయింది."

మరిది, "ఊరుకో," అన్నాడు. కానీ అది అబద్ధమని అనలేదు. అతను అనకుండా వదిలేసిన ఆ మాటనే సవరాలామె గమనించింది.

తెచ్చిన వెంట్రుకల కట్ట పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న టీ వచ్చింది, పైన పళ్ళెం మూసే ఉంది. తెచ్చిన మనిషి మాత్రం ఏ వేళాకోళమూ ఆడలేదు. మధ్యాహ్నానికల్లా మరిది అన్నమాట ప్రకారం కొత్త తల తెచ్చాడు. రెప్పవెంట్రుకలు, ఎర్రటి పెదాలు, సూది లాంటి ముక్కు. పాపం, కొట్లో ఉన్నవాటిలో అందమైనదే ఏరి తెచ్చాడు. దాన్ని సంచిలో పెట్టుకుని, పాత చీర ఒకటి చింపుకుని, సవరాలామె టీచరమ్మ ఇంటికి బయల్దేరింది.

టీచరమ్మ తలుపు తీసి సంచి వంక చూసింది. "అయిపోయిందా అమ్మా?" అంది. ఆ గొంతులో ఉన్న ఆశ వినలేకపోయింది సవరాలామె.

"లేదు తల్లీ. నీ కొలత నా చేతిలోనే పాడైంది. మళ్ళీ చూడాలి."

చెల్లెలి పేరు ఎత్తలేదు. టీచరమ్మ ఆమెను లోపలికి రమ్మని, తలుపు గడియ పెట్టి, కిటికీ తెర లాగి, తనే రుమాలు ముడి విప్పింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఎదుటి గోడనే చూస్తూ కూర్చుంది.

"బడి తెరిచేనాటికి కాదు కదా?"

"కాదమ్మా. కొత్త కొలతకు పాత వల అచ్చంగా అతకదు, విప్పి మళ్ళీ అల్లాలి. ఇంకో మూడు వారాలు పడుతుంది."

"మా తరగతిలో ఒకడున్నాడు, నోట్లో మాట ఆగదు. మొదటి రోజే అడుగుతాడు." రుమాలు ఒళ్ళో మడత పెట్టుకుంటూ, "ఏదో ఒకటి చెప్తాలెండి," అంది.

సవరాలామె చేతులు మాత్రం ఆగలేదు. కాగితం మడత, పేలిక, పట్టీ. చెవి వెనక గుంట దగ్గరికి వచ్చేసరికి వేలు అక్కడే కాసేపు ఉండిపోయింది. పని అయ్యాక టీచరమ్మ లేచి రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చింది. ఒకటి ఆమెకు ఇచ్చి, "చాలా దూరం నుంచి వచ్చారు, అలిసిపోయారు," అంది.

కొలత దిగిన తల బల్ల మీద ఉంది. సవరాలామె దాన్ని సంచిలో పెట్టుకోబోయి, మానుకుంది. ఎదుట ఇస్త్రీబల్లా, పుస్తకాల బీరువా ఉన్న చిన్న గది ఉంది. దాని కిటికీ వంక చూసింది.

"టీచరమ్మా, ఒక్క సాయం అడుగుతాను, కాదంటే ఏమీ అనుకోను," అంది. "ఆ కిటికీ దగ్గర రెండడుగుల చోటిస్తావా? ఈ తల ఇక్కడే ఉంచుకుంటాను. పొద్దున్నే వచ్చి, నువ్వు బడి నుంచి వచ్చేలోపు కుట్టుకుని వెళ్ళిపోతాను. నీ పని అయ్యాక కూడా, మిగతావాళ్ళవి ఇక్కడే అల్లుకుంటాను."